బైక్ వెనక ట్రైలర్ తగిలించాలా? పాతది కొంటే పెయింట్ కాదు.. ముందు హుక్కు చూడాలి!

అమెరికా, బ్రిటన్ హైవేల మీద తీసిన వీడియోల్లో ఈ సీన్ చాలామంది చూసే ఉంటారు. హోండా గోల్డ్‌వింగ్ లాంటి భారీ బైక్, దాని వెనక తళతళలాడే చిన్న డబ్బా ట్రైలర్. టెంటు, బట్టలు, వంట సామాను అన్నీ అందులోనే. చూడ్డానికి సింపుల్‌గానే ఉంటుంది. కానీ సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కొని బైక్‌కి తగిలించడం వెనక బోలెడు పని ఉంది. అక్కడ ఉంటూ ఇలాంటిది కొనాలనుకునే మనవాళ్లు బేరం ఆడేముందే ఇవి తెలుసుకోవాలి.

మొదట ఓ మాట. 1833 సీసీ ఇంజిన్ ఉన్న గోల్డ్‌వింగ్‌కి లాగే బలం లేక కాదు, అయినా ట్రైలర్ లాగొద్దని హోండా తన మాన్యువల్స్‌లో హెచ్చరిస్తుంది. కారణం బ్యాలెన్స్. అంటే బైక్‌కి ట్రైలర్ తగిలించాక బాధ్యత మొత్తం నడిపేవాడిదే.

మెలి తిరిగే కీలు ఉందా?

మలుపులో బైక్ పక్కకి వాలుతుంది. రెండు చక్రాల ట్రైలర్ మాత్రం వాలదు, నిటారుగానే ఉంటుంది. కాబట్టి ఈ రెండూ కలిసే చోట మెలి తిరిగే కీలు ఉండాలి. దీన్నే స్వివెల్ అంటారు. కారుకి తగిలించే ట్రైలర్లలో ఉండే మామూలు బాల్ హిచ్ కొంతవరకే తిరుగుతుంది, ఆ తర్వాత పట్టేస్తుంది. బైక్ బాగా వాలినప్పుడో, కింద పడినప్పుడో అది బిగుసుకుంటే బైక్‌తో పాటు ట్రైలర్ కూడా తిరగబడే ప్రమాదం ఉంది.

పాత ట్రైలర్ దగ్గరకు వెళ్లగానే చేయాల్సిన పని ఇదే. ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పి చూడాలి. సాఫీగా తిరగాలి, కానీ పైకీ కిందకీ లొడలొడ ఆడకూడదు. నట్టు ఊడిపోకుండా కాటర్ పిన్ ఉందో లేదో చూడాలి. స్వివెల్ అరిగిపోయిందంటే, బాడీ ఎంత కొత్తగా ఉన్నా దాన్ని మార్చడానికి అయ్యే ఖర్చు రేటులోంచి తగ్గించుకోవాల్సిందే. అసలు స్వివెలే లేకపోతే అది బైక్ కోసం చేసిన ట్రైలర్ కాదనే అనుకోవాలి.

బైక్ వైపు హిచ్ సంగతీ అంతే. అది ఫ్రేమ్‌కే బిగియాలి. లగేజ్ క్యారియర్‌కో, మడ్‌గార్డ్ బ్రాకెట్‌కో వెల్డింగ్ పెట్టించుకుంటే బ్రేక్ వేసిన ప్రతిసారీ ఆ బరువంతా వచ్చి వాటి మీదే పడుతుంది. మోడల్‌కి సరిపోయేలా తయారైన హిచ్ దొరికితే అదే తీసుకోవడం మేలు.

టైరు మీద నాలుగు అంకెలు

ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న ట్రైలర్ టైరుకి గీతలు కొత్తగానే ఉంటాయి. చాలామంది మోసపోయేది ఇక్కడే. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవాలి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని అర్థం. పక్క గోడల మీద సన్నని పగుళ్లు కనిపిస్తే గీతలు ఎంత లోతుగా ఉన్నా మార్చేయడమే.

చక్రం చిన్నదైతే పని ఎక్కువ. 8 అంగుళాల రిమ్ మీదుండే చిన్న టైరు 100 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి దాదాపు 1,300 సార్లు తిరుగుతుంది. అంతలా తిరిగే చక్రంలో బేరింగ్ ఎండిపోయి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే పాత ట్రైలర్ ఇంటికి తెచ్చాక చక్రాలు ఊడదీసి బేరింగులు కడిగి, కొత్త గ్రీజు పెట్టి, సీళ్లు, కాటర్ పిన్లు మార్చాకే రోడ్డెక్కించాలి. మొదటి 15, 20 కిలోమీటర్ల తర్వాత ఆగి హబ్ మీద చెయ్యి పెట్టి చూస్తే సరి. గోరువెచ్చగా ఉంటే ఓకే. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే మాత్రం అక్కడితో ప్రయాణం ఆపేయాలి.

బరువు ఎక్కడ పెట్టాలి?

సామాను సహా ట్రైలర్ మొత్తం బరువులో దాదాపు 10 శాతం హిచ్ మీద పడాలి. మొత్తం 100 కిలోలైతే హిచ్ మీద 10 కిలోలన్నమాట. అంతకన్నా బాగా తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మరీ ఎక్కువైతే బైక్ వెనక భాగం కుంగి ముందు చక్రం తేలికవుతుంది. రెండూ డేంజరే. చూసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ మీద చెక్క దిమ్మ పెట్టి, బైక్ హిచ్ ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో కడ్డీని దాని మీద ఆనిస్తే అంకె కనిపిస్తుంది. బరువైన సామాను అడుగున, ఇరుసు దగ్గరే సర్దాలి. ఐస్ బాక్సు వెనక చివర పెట్టి, దిండ్లు ముందు పెడితే లెక్క మొత్తం తారుమారు.

బ్రిటన్‌లో దీనికి చట్టమే గీత గీసింది. ట్రైలర్, సామాను కలిపి 150 కిలోలు లేదా బైక్ బరువులో మూడింట రెండొంతులు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే లిమిట్. 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి ఆ లెక్కన 130 కిలోలే. అందులో ఖాళీ ట్రైలర్ బరువు తీసేస్తే సామానుకి మిగిలేది ఇంకా తక్కువ. ఇంజిన్ 125 సీసీ దాటి ఉండాలి, ట్రైలర్ వెడల్పు మీటరు మించకూడదు. బైక్ వెనక ఇరుసు నుంచి ట్రైలర్ చివరిదాకా దూరం 2.5 మీటర్ల లోపే ఉండాలి. అమెరికాలో మాత్రం రూల్స్ రాష్ట్రానికో రకం. అందుకే డబ్బులిచ్చే ముందే టైటిల్ కాగితాలు, రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కోవాలి.

లైట్ల దగ్గర తిరకాసు

అమెరికా ట్రైలర్లలో ఎక్కువగా నాలుగు వైర్లే ఉంటాయి. తెలుపు ఎర్తింగ్, గోధుమ రంగు టెయిల్ లైట్, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. బ్రేక్‌కీ ఇండికేటర్‌కీ ఒకటే బల్బు. బైక్‌లో ఆ రెండూ వేరు. నేరుగా కలిపేస్తే బ్రేక్ నొక్కినప్పుడు ఇండికేటర్ పనిచేయకపోవచ్చు, లేదా ఫ్యూజ్ పోవచ్చు. అందుకే మధ్యలో కన్వర్టర్ పెట్టి, దానికి కరెంటు ఫ్యూజ్ ద్వారా బ్యాటరీ నుంచే ఇవ్వాలి. ఎర్తింగ్ కోసం హిచ్ ఇనుమును నమ్ముకోకూడదు, గ్రీజు పూసిన కీలు మీదుగా కరెంటు సరిగా పారదు. లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయంటే ముందు అనుమానించాల్సింది ఆ తెల్ల వైరునే. సేఫ్టీ చైన్లు కడ్డీ కింద ఒకదానికొకటి అడ్డంగా వెళ్లేలా తగిలించాలి. మలుపు తిరిగేంత వదులుండాలి, రోడ్డుకి మాత్రం తగలకూడదు.

రోడ్డెక్కాక..

బైక్‌ది ఒకే దారి. ట్రైలర్ చక్రాలు దానికి చెరో పక్కన మరో రెండు దారులు వేసుకుంటాయి. కాబట్టి బైక్ తప్పించుకున్న గుంతలో ట్రైలర్ చక్రం పడుతుంది. చాలా ట్రైలర్లకి సొంత బ్రేకులుండవు. ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. ముందు ఖాళీ ట్రైలర్‌తో, జనం లేని పార్కింగ్ స్థలంలో బ్రేకులు, మలుపులు అలవాటు చేసుకోవాలి. ఆ తర్వాతే సామాను ఎక్కించాలి. దారిలో ట్రైలర్ ఊగడం మొదలైతే గట్టిగా బ్రేక్ వేయొద్దు, స్పీడు పెంచొద్దు. హ్యాండిల్ నిలకడగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి. ఆగాక మళ్లీ సామాను సర్దుకోవాల్సిందే.

మరి మన దగ్గర? వీడియో చూసి ఊళ్లో వెల్డింగ్ షాపులో ఇలాంటిది చేయించుకుందామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. సెక్షన్ 39 కింద రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డు మీద తిప్పకూడదు. కాబట్టి వెల్డింగ్ షాపు కన్నా ముందు వెళ్లాల్సింది ఆర్టీఏ ఆఫీసుకే.