చిక్కుడు పందిరి నుండి మంచుపెట్టెకు

పుష్య మాఘ మాసాలలో ఏలూరు నుండి కైకలూరు పోయే రోడ్డున కొల్లేరు దాటి వెళ్ళినవారికీ, తాడేపల్లిగూడెం చుట్టుప్రక్కల పల్లెలలో తిరిగినవారికీ ఇళ్ళ పెరళ్ళలో చిక్కుడు పందిళ్ళు కనిపించే ఉంటాయి. రథసప్తమినాడు చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడు ఆకులలో పరమాన్నం పెట్టి సూర్యునికి నివేదించటం మన ఆచారం. ఆ రోజులలో కాయకు కొదవ ఉండదు. కోసేకొద్దీ కాస్తుంది. ఇంటిల్లిపాదీ తినగా, ఇరుగుపొరుగులకు పంచగా ఇంకా మిగిలి తీగ మీదనే ముదిరిపోతుంది. మూడు నెలలు గడిచి వైశాఖం వచ్చేసరికి అదే పందిరి మీద కూరకు పిడికెడు కాయలు దొరకవు.

ఇది రైతు అశ్రద్ధ వలన కలిగేది కాదు. మన నాటు చిక్కుడు పగలు కురచై రాత్రి పొడుగైనప్పుడే పూతకు వస్తుంది. పగటి నిడివికీ పూతకూ గల ఈ సంబంధాన్ని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా చిక్కుడు మొక్కల మీద ప్రయోగాలు చేసి వెల్లడించినారు. కనుక ఎంత ఎరువు వేసినా, ఎన్ని కడవల నీరు పోసినా వేసవిలో నాటు పందిరి కాయదు. పగటి నిడివితో నిమిత్తం లేని పొట్టి రకాలు తరువాత వచ్చినవి గాని, రుచి పందిరి చిక్కుడుదే అనేవారి సంఖ్య తక్కువ కాదు. నేనూ వారిలో ఒకడిని.

మాఘంలో మిగిలినది వైశాఖానికి అందించటం ఎట్లా? ఈ ప్రశ్నకు మన ఇళ్ళలోని పాత సమాధానం వరుగులు. గోరుచిక్కుడు, వంకాయ, చిక్కుడు ఏదైనా సరే తరిగి, ఉప్పు వేసిన నీటిలోనో పలుచని మజ్జిగలోనో కొద్దిగా ఉడికించి, ఎండలో పెళపెళలాడేవరకు ఎండబెట్టి డబ్బాలలో పోస్తారు. ఇందులో ఎండబెట్టటం ఎందుకో ఎవరైనా చెప్పగలరు: నీరు లేనిచోట సూక్ష్మజీవులు పెరగవు. కాని ఎండబెట్టబోయే కాయను ముందుగా ఉడికించటం ఎందుకు? తడి ఆరబెట్టవలసిన వస్తువును మళ్ళీ నీటిలో వేయటమేమిటి? ఈ చిన్న ప్రశ్నను పాఠకులు మనసులో ఉంచుకోవాలి. దీనికి జవాబు ఎండకు సంబంధం లేని వేరొక మార్గంలో, చలిలో, బయటపడింది.

చలి మన ప్రాంతంలో పుట్టే వస్తువు కాదు. అక్బరు కాలంలో సురేకారం కరిగించిన నీటిలో కూజాను త్రిప్పి తాగునీటిని చల్లబరచేవారని అయినీ అక్బరీ చెబుతున్నది. ఉత్తరాదిన అలహాబాదు వంటి చోట్ల చలికాలపు రాత్రులలో గడ్డి పరచిన గుంటలలో వెడల్పాటి మట్టి మూకుళ్ళు పెట్టి, నీరు పోసి, తెల్లవారేసరికి పలుచని మంచుపొరలు ఏరేవారు. సర్ రాబర్ట్ బార్కర్ 1775లో ఈ పద్ధతిని లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించినాడు. గాలి పొడిగా, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని ఆకాశంలోనికి వెదజల్లటం వలననే ఇది సాధ్యం. గాలిలో తేమ నిండిన కొల్లేటి ప్రాంతంలో ధనుర్మాసపు రాత్రి ఎంత వణికించినా మూకుడులో నీరు గడ్డకట్టదు.

ఆపైన మంచు ఓడలెక్కి వచ్చింది. బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ 1833 మే నెలలో టస్కనీ అనే ఓడలో సుమారు 180 టన్నుల మంచుగడ్డలు ఎక్కించి కలకత్తాకు పంపినాడు. సెప్టెంబరులో ఓడ చేరేసరికి ఇంకా 100 టన్నుల వరకు మిగిలి ఉన్నది! మద్రాసు సముద్రపుటొడ్డున 1842లో ఈ మంచు నిలవకే ఒక భవనం కట్టినారు. 1897లో వివేకానందుడు బస చేసిన భవనం అదే. అయితే ఆ మంచు దొరల పానీయాలకూ జ్వరపీడితుల తలలకూ సరిపోయింది గాని పల్లెటూరి పెరడు దాకా రాలేదు. యంత్రాలతో మంచు చేయటం నేర్చిన తరువాతనే అది మన పరిసరాలకు వచ్చింది. కొల్లేటి ప్రాంతపు బొచ్చె, శీలావతి చేపలు మంచుముక్కల మధ్య సర్దబడి వంగదేశానికీ అస్సాముకూ ప్రయాణం చేసేది ఈ యంత్రపు మంచు వలననే.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. మంచులో పెట్టిన చేప చల్లబడుతుంది కాని గడ్డకట్టదు. ఒక గ్రాము మంచు కరగటానికి 80 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని చేప నుండి లాగుకొంటూ మంచు కరుగుతుంది. అయితే అది కరిగేది 0 డిగ్రీల వద్ద కాబట్టి ఎన్ని బుట్టల మంచు పోసినా చేప అంతకంటె చల్లబడదు. ఆ చల్లదనం చేపను కొన్నాళ్ళు కాపాడుతుంది, నెలల తరబడి కాదు. బీన్సు జాతి కాయలకైతే ఆ మాత్రం మేలు కూడా లేదు. 0 డిగ్రీల దగ్గర కొన్నాళ్ళున్న కాయ తొక్క మీద మచ్చలు లేచి మెత్తబడుతుంది.

కనుక 0 దాటి క్రిందికి దిగాలి. మంచులో ఉప్పు కలిపితే మిశ్రమం సున్నకు 21 డిగ్రీల క్రింది వరకు పోగలదు. వీధిలో కుల్ఫీ అమ్మేవాడు వాడుకొనేది ఈ ధర్మాన్నే. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చెందిన ఇనాక్ పైపర్ మంచూ ఉప్పూ నింపిన పళ్ళేల క్రింద చేపలను గడ్డకట్టించే పద్ధతికి 1861లో పేటెంటు పొందినాడు. 1882లో డునెడిన్ అనే తెరచాప ఓడ, లోపల శీతల యంత్రంతో, గడ్డకట్టిన గొర్రెమాంసాన్ని న్యూజీలాండు నుండి 98 రోజులు ప్రయాణం చేసి లండనుకు చెడకుండా చేర్చింది. మాంసానికీ చేపకూ దారి దొరికింది. కూరగాయల మాట ఎవరూ ఎత్తలేదు.

క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికను 1912 తరువాత కొన్నేళ్ళు ఉత్తరాన లాబ్రడార్‌లో కాపురమున్నాడు. అక్కడి ఆదివాసులు మంచు పగులగొట్టి పట్టిన చేప ఆ గాలికి క్షణాలలో రాయివలె బిగుసుకుపోవటం, నెలల తరువాత వండినా తాజా రుచి ఉండటం అతడు చూచినాడు. రహస్యం వేగంలో ఉన్నది. నీరు నెమ్మదిగా గడ్డకడితే పెద్ద స్ఫటికాలు ఏర్పడి కణాల గోడలను చీల్చివేస్తాయి. సున్నకు 1 నుండి 5 డిగ్రీల క్రింది మేరలో స్ఫటికాలు ఎక్కువగా పెరుగుతాయి. ఆ మేరను త్వరగా దాటిస్తే అవి సన్నగా ఉండిపోయి కణాలకు హాని తగ్గుతుంది. చల్లని లోహపు పలకల మధ్య పొట్లాలను నొక్కి గడ్డకట్టించే యంత్రాన్ని అతడు తయారు చేసినాడు. 1930 మార్చి 6న మసాచుసెట్సు రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణపు దుకాణాలలో ఈ గడ్డకట్టిన ఆహారం అమ్మకానికి వచ్చినది.

అయితే కూరగాయలు ఒక చిక్కు తెచ్చిపెట్టినాయి. గడ్డకట్టించిన పచ్చి బఠాణీ, బీన్సు పైకి నిగనిగలాడుతున్నా కొన్ని వారాలకు ఎండుగడ్డి వాసన కొట్టేవి. సూక్ష్మజీవుల పని అందామంటే ఆ చలిలో అవి పెరగవు. దోషం కాయలోనే ఉన్నది. కోసిన తరువాత కూడా కాయ కణాలలో ఎంజైములనే ద్రవ్యాలు పని మానవు. చలి వాటిని మందగింపజేస్తుంది గాని నిర్మూలించలేదు. అవి నెమ్మదిగా కాయలోని క్రొవ్వులను, రంగును, రుచిని మార్చివేస్తాయి. వేడి మాత్రం వాటిని పనికిరాకుండా చేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాస్లిన్, క్రూస్ అనే పరిశోధకులు, గడ్డకట్టించే ముందు కూరగాయలను మరిగే నీటిలో కాసేపు ముంచి తీస్తే గడ్డి వాసన రాదని 1929లో తెలిపినారు. అయితే ఎంతసేపు ముంచాలి? కెటలేజ్, పెరాక్సిడేజ్ అనే రెండు ఎంజైముల చైతన్యం నశించినదా లేదా అని చూడటం కొలబద్ద అయినది. దుర్వాసనకు ముఖ్య కారణం లైపాక్సిజెనేజ్ అనే వేరొక ఎంజైమని 1980లలో గాని గట్టిపడలేదు. దోషి దొరకకముందే శిక్ష సరిగా పడిందన్నమాట!

ఈ చరిత్ర చదివి ఉండికూడా నేను ఒక ఏడు మా పెరటి చిక్కుడు కాయలను ఈనెలు తీసి, కడిగి, పచ్చివే సంచులలో కట్టి మంచుపెట్టెలో పెట్టినాను. నాలుగు శేర్ల కాయ. వైశాఖంలో బంధువులు వచ్చిన రోజున గర్వంగా తీసి వండించినాను. కూర నోట పెట్టుకొంటే వాముదొడ్డిలో కూర్చున్నట్లున్నది. మా మేనత్త ఒక ముద్ద తిని, “వరుగులకైనా ఓ పొంగు రానిచ్చే ఎండేస్తాం గదరా, పచ్చికాయ అట్లా పడేశావేం?” అన్నది. ఆమె జాస్లిన్ పేరు వినలేదు. వరుగుకు ముందు ఉడుకు ఎందుకంటే, “లేకపోతే నల్లబడి కసరు వాసనేస్తుంది” అని మాత్రం చెప్పింది. నెమ్మదిగా ఎండుతున్న కాయలోనూ, గడ్డకట్టి ఉన్న కాయలోనూ ఎంజైములు చేసే పని ఒకటే. పాఠకులను మనసులో ఉంచుకోమన్న ప్రశ్నకు జవాబు ఇదే.

దీనిని పాఠశాలలో చూపటం తేలిక. ఉపాధ్యాయులు ఒక పచ్చి చిక్కుడు కాయను నూరి, మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు ద్రావణం కొన్ని చుక్కలు వేయాలి. బుసబుస నురుగు వస్తుంది. కాయలోని కెటలేజ్ ఆ ద్రవాన్ని విడగొట్టి ఆక్సిజన్ వాయువును వెలువరించటమే దానికి కారణం. అర నిమిషం, ఒక నిమిషం, మూడు నిమిషాలు మరిగే నీటిలో ఉంచిన కాయలతో అదే ప్రయోగం చేస్తే నురుగు తగ్గి, చివరకు బొత్తిగా ఆగిపోతుంది. పెరాక్సిడేజ్ ఇంకా మొండిది. కనుక నురుగు ఆగిన వెంటనే పని అయిందనుకోకుండా మరికొంత వ్యవధి ఇవ్వాలి.

రెండవ ఏడు చేసిన పద్ధతి ఇది. లేత కాయలు కోసిన రోజుననే ఈనెలు తీసి, కిలోకు ఎనిమిది తొమ్మిది లీటర్ల నీరు తెర్లుతుండగా గుడ్డలో మూటకట్టి మూడు నిమిషాలు ముంచాలి. నీరు తక్కువైతే కాయ పడగానే మరుగు ఆగిపోయి లెక్క తప్పుతుంది. తీసిన వెంటనే మంచు వేసిన చన్నీళ్ళలో మరి మూడు నిమిషాలు ఉంచాలి. లేకుంటే లోపలి వేడికి కాయ ఉడుకుతూనే ఉంటుంది. తడి ఆర్చి, పళ్ళెంలో విడివిడిగా పరచి గడ్డకట్టించి, తరువాత గాలి లేకుండా సంచులలో కట్టాలి. ఒకేసారి ఎక్కువ పెట్టరాదు. 25 డిగ్రీల వేడిమి గల కిలో కాయను సున్నకు 18 డిగ్రీల క్రిందికి దింపాలంటే సుమారు 100 కిలోకేలరీల వేడిని లాగివేయాలి. అందులో మూడింట రెండు వంతులు కాయలోని నీరు గడ్డకట్టేటప్పుడు విడిచే గుప్తోష్ణమే. ఇంటి యంత్రానికి అది చిన్న బరువు కాదు. విటమిన్ సి కొంత నీటిలో పోతుంది. వండేటప్పుడు కాయను పూర్తిగా ఉడికించాలి, ఎందుకంటే చలి సూక్ష్మజీవులను నిద్రపుచ్చుతుంది గాని చంపదు.

సున్నకు 18 డిగ్రీల క్రింద అనే హద్దు ఊరక పెట్టినది కాదు. కాలిఫోర్నియాలోని ఆల్బనీ ప్రభుత్వ పరిశోధనశాలలో 1948 నుండి ఎన్నో ఏళ్ళు రకరకాల ఆహారాలను రకరకాల చలిలో ఉంచి, ఏది ఎన్నాళ్ళు నిలుస్తుందో పరీక్షించినారు. ఆ చలిలో బీన్సు సంవత్సరం దగ్గర వరకు బాగుంటాయి. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని మంచు అర సాధారణంగా అంత చల్లగా ఉండదు. అందులో పెట్టిన కాయను నెలా రెండు నెలల లోపల వాడుకోవటం మంచిది. రొయ్యకు మాత్రం ఈ ఏర్పాట్లన్నీ మన దేశంలో ఏనాడో కుదిరినాయి. 1953లో కొచ్చిన్ నుండి గడ్డకట్టిన రొయ్యలు అమెరికాకు వెళ్ళినాయి. నేడు భీమవరం ప్రాంతపు కర్మాగారాలలో కొల్లేటి చుట్టుప్రక్కల చెరువుల రొయ్య అదే దారి పడుతున్నది. డాలర్లు తెచ్చే రొయ్యకు దొరికిన చలి, పెరటి చిక్కుడుకు దొరకటానికి ఇంత కాలం పట్టింది.

ఇక మిగిలినది విద్యుత్తు. నిండుగా ఉన్న మంచుపెట్టె తలుపు తెరవకుండా ఉంచితే కరెంటు పోయినా సుమారు 48 గంటలు, సగమే నిండి ఉంటే 24 గంటలు గడ్డ నిలుస్తుంది. పెట్టె ఖాళీగా ఉంటే నీళ్ళ సీసాలు పెట్టి నింపటం అందుకే. కిందటి జ్యేష్ఠంలో ఒక గాలివానకు మా వీధిలో రెండు రాత్రులు, ఒక పగలు కరెంటు లేదు. వచ్చిన తరువాత సంచులు విప్పి చూచినాము. అడుగున ఉన్నవాటిలో ఇంకా మంచు స్ఫటికాలు మెరుస్తున్నవి, వాటిని తిరిగి పెట్టినాము. పైన మెత్తబడినవి ఇంకా చల్లగానే ఉన్నవి, కనుక ఆ పూటే కూర అయినాయి. చీకట్లో గడిచిన ఆ రెండు పూటలూ మాత్రం పెట్టె తెరవనీయక, మేనత్త అటక మీది డబ్బా దింపించి వరుగుల పులుసు కాచింది.