పేటల పేర్లలో నిలిచిన బందరు

కృష్ణా డెల్టా తీరాన ఉన్న మచిలీపట్నాన్ని చుట్టుపక్కల ఊళ్లవారు నేటికీ బందరనే పిలుస్తారు. ఈ మాటకు పారశీకంలో రేవు అని అర్థం. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఈ రేవు ఆ రాజ్యానికి సముద్రద్వారమై పర్షియాతోనూ ఆగ్నేయాసియాతోనూ వర్తకం సాగిస్తుండగా, 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చి ఫ్యాక్టరీలు, అనగా సరుకు కొని నిల్వచేసే వర్తకస్థావరాలు, నెలకొల్పారు. వారి కట్టడాలు చాలావరకు రూపుమాసినా వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు మిగిలాయి. హాలెండువారిని వలందులని, ఫ్రెంచివారిని పరాసులని తెలుగువారు వ్యవహరించినందువల్ల ఏర్పడిన ఈ పేర్లు శాసనాలకు తీసిపోని సాక్ష్యాలు.

వారిని ఇంతదూరం రప్పించిన సరుకుల్లో ముఖ్యమైనది ఎన్ని ఉతుకులకూ రంగు వెలియని అద్దకపు బట్ట. గుడ్డను కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టి, చెక్క అచ్చులతో నల్లగీతలకు ఇనుపముక్కలూ బెల్లమూ వేసి ఊరబెట్టిన నీటిని, ఎర్రని పూలకు పటికనీటిని అద్ది, పారే నీటిలో జాడించి, చిరివేరు అనే మొక్క వేళ్లతో కాచేవారు. పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు పట్టుతుంది కనుక, అంతవరకూ కంటికి ఆనని పువ్వు కాగులోనే విచ్చుకొనేది.

తీరంలో లోతు చాలక పెద్ద ఓడలు దూరాన లంగరు వేయగా, సరుకును పడవల్లో చేరవేయవలసి రావడం ఈ రేవుకు మొదటినుంచీ ఉన్న లోపం. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుంచి బందరుకోటను పట్టుకొనేనాటికే ఇంగ్లీషువారి వర్తకానికి మద్రాసు కేంద్రమైంది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగినవారికి ఆ రాత్రి ఎటువంటిదో వివరించనక్కరలేదు.

రేవు ప్రాభవం తగ్గాక, కోపల్లె హనుమంతరావు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల ఊరికి మరో కీర్తి తెచ్చింది. పాత రేవుకు గుర్తుగా బందరుకోటలోని గంటస్తంభం, చెక్కడపు సమాధిరాళ్లున్న డచ్చి శ్మశానం మిగిలాయి. అయితే ఆనాటి చేతిపనిని చూడదలచినవారు సమీపంలోని పెడనకు వెళ్లవలసిందే. రంగులు చాలావరకు మారినా, అక్కడ నేటికీ పొడవాటి బల్లపై గుడ్డ పరచి, అచ్చును గీతకు గీత కలిపి ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేసి ఒత్తుతున్నారు.