‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ వెండి నాణెం: చరిత్ర, విలువ, జకాత్ లెక్క

బ్రిటన్‌లో ఆవిరి ఇంజిన్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చే పేరు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్. దీనికి వందేళ్లు నిండిన సందర్భంగా 2023లో అక్కడి ప్రభుత్వ టంకశాల రాయల్ మింట్ 2 పౌండ్ల స్మారక నాణెం విడుదల చేసింది. డిజైన్ జాన్ బెర్గ్‌డాల్‌ది.

ఇంజిన్ కథ

నైజెల్ గ్రెస్లీ డిజైన్ చేసిన ఈ ఇంజిన్ 1923 ఫిబ్రవరిలో డాంకాస్టర్ వర్క్‌షాప్ నుంచి బయటకొచ్చింది. 1928 మే 1న లండన్ నుంచి ఎడిన్‌బరోకు, దాదాపు 631 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా నడిచింది. 1934 నవంబర్ 30న గంటకు 100 మైళ్ల (సుమారు 160 కి.మీ.) వేగం అందుకుంది. 1963లో సర్వీసు నుంచి తప్పించాక తుక్కు కింద పోకుండా అలన్ పెగ్లర్ అనే వ్యాపారి 3,000 పౌండ్లకు కొన్నారు. అమెరికా తీసుకెళ్లి అప్పులపాలై దివాలా తీశారు. చివరికి 2004లో యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియం కొనుక్కుంది. రిపేర్ల తర్వాత 2016లో మళ్లీ పట్టాలెక్కింది.

నాణెంలో వెండి ఎంత?

వెండి ప్రూఫ్ నాణెం బరువు 12 గ్రాములు, వ్యాసం 28.4 మిల్లీమీటర్లు. వెండి స్వచ్ఛత 925, అంటే 92.5 శాతం. ఆ లెక్కన అసలు వెండి సుమారు 11.1 గ్రాములే. బయటి వలయానికి బంగారు పూత ఉంటుంది. ఇదే డిజైన్‌తో మామూలు లోహం నాణెం కూడా ఉంది కాబట్టి, కొనేవాళ్లు సర్టిఫికెట్‌లో 925 అని ఉందో లేదో చూసుకోవాలి.

ఇలాంటి నాణేనికి మూడు విలువలుంటాయి. ముద్రించిన విలువ 2 పౌండ్లు. లోహం విలువ వెండి రేటును బట్టి మారుతుంది. సేకరణ విలువ కొనేవాళ్ల ఆసక్తిని బట్టి ఉంటుంది. పొదుపు కోసం కొంటే మూడోదానికి కట్టిన ఎక్స్‌ట్రా డబ్బు తిరిగొస్తుందన్న గ్యారంటీ లేదు.

జకాత్ సంగతి

వెండి నిసాబ్ 52.5 తులాలు, అంటే 612.36 గ్రాములు. ఒక్క నాణెంతో ఆ హద్దు చేరదు. అయితే లండన్ నుంచి బంధువులు గిఫ్ట్‌గా తెచ్చినా సరే, అది ఎవరి సొంతమో వాళ్ల మిగతా వెండి, నగదుతో కలిపి లెక్క వేయాలి. నిసాబ్ దాటి ఏడాది పూర్తయితే 2.5 శాతం జకాత్. సేకరణ విలువ ఎక్కువ ఉన్న నాణేన్ని ఏ రేటుతో లెక్కించాలో దగ్గర్లోని ముఫ్తీ సాబ్‌ని అడిగి తెలుసుకోవడం మంచిది.