బీ7 మీది గుర్రం

రెండు శకట్లకు ఎదురుగా ఒంటరి గుర్రం, రాజులు తప్ప బోర్డు మీద ఇంకేమీ లేవు. చదరంగం నేర్పే మాకు ఈ ముగింపు ఒక తీర్పుతో సహా అందింది: గుర్రాన్ని మూల దగ్గరి బీ7 లాంటి గడిలో పెట్టి, రాజును పక్కనే నిలిపి కోట కడితే డ్రా. 1851లో లండన్‌లో క్లింగ్, హార్విట్జ్ తమ పుస్తకంలో చెప్పిన మాట అది. నూట ముప్పై ఏళ్లు అదే చెలామణి అయింది.

1983లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ (యూనిక్స్ రాసినాయనే) కంప్యూటర్‌తో ఈ ముగింపును చివరినుంచి వెనక్కి లెక్కగట్టించాడు. ముగిసిపోయిన స్థితులు ముందు, వాటికి ఒక్క ఎత్తు ఇవతలివి తర్వాత, అలా మొదటిదాకా. ఊహ లేదు, అంతా లెక్కే. దాదాపు ఎక్కడైనా గెలుపు శకట్లదేనని తేలింది. బీ7 కోట కూలుతుంది. గుర్రం ఇంకో మూలకు పరిగెత్తి మళ్లీ కోట కట్టబోతుంది, ఆలోగా అడ్డుకోవాలి. కొన్ని స్థితుల్లో గుర్రాన్ని పట్టేసరికి 66 ఎత్తులు! పావు చంపకుండా, బంటు కదలకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అనే నిబంధన ఇరుకున పడింది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే కొంతకాలం దాన్ని సడలించి, మళ్లీ 50కే తెచ్చింది. నాకైతే సడలింపే న్యాయమనిపిస్తుంది.

ఇప్పుడు నా దగ్గరి పిల్లలు లాప్‌టాప్‌లో ఆ స్థితి పెట్టగానే అలాంటి లెక్కల పట్టికైన టేబుల్‌బేస్ గెలుపని చెప్పేస్తుంది. ఎందుకో మాత్రం చెప్పదు, వాళ్లేమో నన్నడుగుతారు.