పెద్దమ్మ పంచనామా

మొన్న క్రికెట్‌లో మనవాళ్ళు ఓడిపోయిన మర్నాడు మా మనవడు ఇంగ్లీషు పేపరు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "బాపమ్మా, ఇన్‌క్వెస్టంటే శవపంచనామానే గద? మరి ఎవ్వరు సచ్చిపోలేదు గదా, ఓటమి మీద ఇన్‌క్వెస్టు అని రాసిండ్రేంది?" అని అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషువాళ్ళకు అదొక అలవాటు. ఆటలో ఓడినా, ఎన్నికల్లో పార్టీ మట్టికరిచినా, తర్వాత నలుగురూ చేరి ఎందుకిలా అయిందని తవ్వుకోవడాన్ని ఇన్‌క్వెస్టే అంటారు. గెలిచినవాళ్ళింట్లో మాత్రం ఆ మాట వినపడదు. అదే చోట మన పేపర్లు 'పోస్టుమార్టం' అంటాయి. మొత్తానికి ఓటమిని శవంగా చూడడంలో వాళ్ళూ మనమూ ఒకటే!

వాడికి ఈ సంగతి చెబుతుంటే కోరుట్ల పెద్దమ్మ గుర్తుకొచ్చింది. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మనిషి, పంచనామా అనే మాటను అచ్చం ఆ ఇంగ్లీషువాళ్ళలాగే వాడేది. కొత్తకోడలి పెట్టె తెరిచి అమ్మలక్కలు చీరలూ గిన్నెలూ లెక్కపెడుతుంటే, "అయిందానె మీ పంచనామా?" అనేది. బీడీల కార్ఖానాలో కట్టలు విప్పి చూసి సగం పక్కకు తీసేసిన రోజున, "ఇయ్యాల నా బీడీలకు పంచనామా అయింది" అంటూ గడప దాటి లోపలికి వచ్చేది.

అసలు ఈ మాటలు రెండూ వేరే వేరే దారుల్లో వచ్చాయి. ఇన్‌క్వెస్టు అడగడంలోంచి పుట్టింది. క్వశ్చను, ఎంక్వయిరీ దాని చుట్టాలే. 1086లో ఇంగ్లండు రాజు విలియం తన రాజ్యంలో ఎవరికెంత భూమి ఉంది, ఎన్ని నాగళ్ళున్నాయి అని ఊరూరా జనంచేత ప్రమాణం చేయించి అడిగించాడు. అదీ ఇన్‌క్వెస్టే. 1194లో కరోనరనే ఉద్యోగిని పెట్టారు. చావుల సంగతి విచారించడం అతని పని. జాలిపడి పెట్టిన ఉద్యోగమేమీ కాదు, చావులో కూడా రాజుగారికి రాబడి ఉండేది మరి! బండిచక్రం కింద పడి మనిషి పోతే ఆ చక్రమో దాని ఖరీదో ఖజానాకు జమయ్యేది. 1846 దాకా ఆ చట్టం ఉంది. భూమిలో పాత బంగారం దొరికినా కరోనరు ఇన్‌క్వెస్టు జరపడం అక్కడ ఇప్పటికీ ఉంది. మనకూ 1878 నాటి నిధినిక్షేపాల చట్టముంది. పునాది తవ్వుతుంటే లంకెబిందె బయటపడిందా, సర్కారుకు చెప్పాల్సిందే.

పంచనామా రాయడంలోంచి పుట్టింది. అయిదుగురు పంచులు, నామా అంటే కాగితం. రాజీనామా, వకాల్తునామా వరసలోదే. 1948 దాకా ఉర్దూలో నడిచిన హైదరాబాదు దఫ్తర్ల నుంచి మా నాలుకల మీదికి వచ్చింది. గుంటూరు పిల్ల అయిన మా తోటికోడలు మాత్రం 'మహజరు' అంటుంది. అందులో ఉన్నది మన 'హాజరు'. అక్కడ హాజరైనవాళ్ళ సాక్ష్యమన్నమాట. చిత్రమేమిటంటే, చట్టంలో అయిదుగురన్న మాటే లేదు. 174వ సెక్షను అడిగింది ఇరుగుపొరుగున ఉండే ఇద్దరు, లేక అంతకన్నా ఎక్కువమంది పెద్దమనుషులను. ఆ పెద్దమనుషులు మగవాళ్ళే కావాలని ఎక్కడా రాయలేదు. నేను చూసిన కాగితాల్లో మాత్రం ఆడదాని సంతకం ఒక్కటీ లేదు.

1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాక పంచనామా అనే మాట మా ఇళ్ళల్లో గొంతు తగ్గించి పలికే మాటయింది. ఆ మరుసటి ఎండాకాలమే పెద్దమ్మ బిడ్డ సిరిసిల్లలో బావిలో పడి పోయింది.

మేం వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని రాస్తున్నారు. ఆ వీధిలో సాంచాల చప్పుడు ఆగిపోయి ఉంది. నీళ్ళు చేదబోయి కాలుజారి పడినట్టు రాసి, అయిదుగురు సంతకాలు చేశారు. శవాన్ని ఆస్పత్రికి పంపలేదు. పొద్దుగూకకముందే అంతా అయిపోయింది. మూడోనాడు పక్కింటావిడ పెద్దమ్మను దొడ్లోకి పిలిచి చెప్పింది, ఆ పొద్దున బొక్కెనా చేంతాడూ ఇంట్లో కొక్కేనికే వేలాడుతున్నాయని.

"మరి అప్పుడే ఎందుకు చెప్పకపోతివమ్మా?" అన్నాను నేను ఉండబట్టలేక.

"మమ్ముల ఎవలన్న అడిగిండ్రా?" అందావిడ.

పెద్దమ్మ ఏమీ అనలేదు. బస్సులో వస్తూంటే మాత్రం, "పంచనామంటే అడుగుడు గాదే, రాసుకునుడు" అంది.

ఆమెకు తెలియదుగానీ సుప్రీంకోర్టు కూడా 1975లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో, దాదాపు అలాంటి మాటే చెప్పింది. మనిషి పైకి కనిపించినంతలో ఎలా పోయిందన్నంత వరకే ఇన్‌క్వెస్టు. ఎవరు చేశారు, ఎలా చేశారన్న వివరాలు దాని పని కాదు.

1983 చివర్లో చట్టం మారింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల ఆత్మహత్య చేసుకున్నా, అనుమానం కలిగేలా చనిపోయినా పోస్టుమార్టం తప్పనిసరి చేశారు. పోలీసులే కాకుండా మేజిస్ట్రేటు కూడా విచారణ చేయాలన్నారు. మా వైపు తహసీల్దారు వస్తాడు. 2024 జులై 1 నుంచి కొత్త సంహిత వచ్చి 174 కాస్తా 194 అయింది. ఏడేళ్ళ నియమం మాత్రం అలాగే ఉంది.

చట్టం మారిన సంగతి పేపర్లో చదివి పెద్దమ్మకు నేనే చెప్పాను. బీడీ చుడుతున్న చెయ్యి ఆపకుండానే విన్నది. నాలుగైదు బీడీలయ్యాక, "ఏడేండ్లని రాసిండ్రా?" అని మళ్ళీ అడిగింది.

"అవును పెద్దమ్మా."

"మనదానికి రెండేండ్లు గూడ నిండలె" అంది.

కార్ఖానాలో బీడీలు పక్కన పడేసిన రోజుల్లో ఆ తర్వాత ఆమె "తీసేసిండ్రు" అని మాత్రమే అనేది.