అమెరికా శిశువైద్యుల పునర్ధ్రువీకరణ పరీక్ష – చారిత్రక పరిశీలన

అమెరికాలో శిశువైద్య నిపుణుల అర్హతను ధ్రువీకరించే ‘అమెరికన్ బోర్డ్ ఆఫ్ పీడియాట్రిక్స్’ 1933లో ఏర్పడింది. తొలి అర్ధశతాబ్దం పాటు అది ఇచ్చిన ధ్రువపత్రానికి గడువు లేదు. ఒకసారి ఉత్తీర్ణులైనవారు జీవితాంతం నిపుణులే. వైద్యశాస్త్రం మాత్రం అలా నిలిచి ఉండలేదు. బోర్డు పుట్టిన నాటికి పిల్లల రక్తక్యాన్సర్‌కు మందే లేదు. అమినోప్టెరిన్‌తో తాత్కాలిక ఉపశమనం సాధ్యమని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వెల్లడించారు. ఆ మందును అందించిన లెడర్లీ పరిశోధనశాలకు సారథి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆనాటి నిపుణుల చదువు పాతబడిపోవడంలో ఒక తెలుగువాని కృషికీ భాగముందన్నమాట.

ధ్రువపత్రానికి గడువు పెట్టడాన్ని మొదట ఆచరించినది 1969లో ఏర్పడిన కుటుంబవైద్య బోర్డు. శిశువైద్య బోర్డు 1988 నుంచి ఏడేళ్ల గడువు విధించింది. అంతకుముందు పొందిన పత్రాలు శాశ్వతంగానే కొనసాగాయి. దీంతో పెద్దలకు మినహాయింపు, పిన్నలకు పరీక్ష అనే వింత పరిస్థితి ఏర్పడింది. నితీశ్ చౌధరి బృందం 2005లో ప్రచురించిన సమీక్షను దీని పక్కన ఉంచి చూడాలి. వారు పరిశీలించిన 62 అంచనాలలో 32, వృత్తిలో ఏళ్లు గడిచేకొద్దీ వైద్యుల పనితీరు అన్ని కొలమానాలలోనూ తగ్గుతున్నట్లు చూపాయి.

అనుభవజ్ఞులకు ఈ పరీక్షలో అసలు కష్టం కొత్తది నేర్వడం కాదు, పాతది వదులుకోవడం. శిశువులను బోర్లా పడుకోబెట్టమని తల్లులకు చెప్పిన వైద్యులే 1992 తర్వాత అలా పడుకోబెట్టవద్దని చెప్పవలసివచ్చింది. అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్లు నిండేదాకా వేరుశనగ పెట్టవద్దని 2000లో ఇచ్చిన సలహా 2017 నాటికి పూర్తిగా తలకిందులైంది. తీవ్రమైన ఎగ్జిమా వంటి ముప్పున్న శిశువులకు నాలుగు నుంచి ఆరు నెలల మధ్యనే, ముందు పరీక్షించి, వేరుశనగ పరిచయం చేయాలన్నది కొత్త సూచన. ఇన్నేళ్లూ నమ్మకంతో చెప్పిన మాటకు పరీక్షలో మార్కు పోతుంది. దానికన్నా బాధాకరం, ఆ మాట విన్న కుటుంబాలు గుర్తుకు రావడం. మరోవైపు, టీకాల వల్ల హిబ్ మెనింజైటిస్ దాదాపు కనుమరుగైంది. ఒకప్పుడు వార్డులో తరచూ కనిపించిన ఆ రోగం కొత్త తరానికి పుస్తకంలోని ప్రశ్నగానే మిగిలింది.

సాధనకు 1979లో ఆరంభమైన ‘పీడియాట్రిక్స్ ఇన్ రివ్యూ’ పత్రిక వంటివి తోడ్పడ్డాయి. అయినా, రోజంతా రోగులను చూసిన వైద్యులు రాత్రిపూట అరుదైన జన్యువ్యాధుల పేర్లు వల్లెవేయడంలో ఔచిత్యమెంత అన్న ప్రశ్న నిలిచే ఉంది. దీనికి బోర్డు 2019లో ఒక జవాబు చెప్పింది. ‘మోకా-పీడ్స్’ విధానంలో మూడు నెలలకు 20 ప్రశ్నలు వస్తాయి. ఒక్కోదానికి ఐదు నిమిషాల వ్యవధి ఉంటుంది, పుస్తకాలు చూడవచ్చు. ఏయే అంశాలు అడుగుతారో ముందే చెబుతారు. సందేహం వచ్చినప్పుడు గ్రంథం తెరవడం వైద్యులు నిత్యం చేసే పనే కనుక, కంఠస్థ విద్యను కొలిచే పాత పద్ధతికన్నా ఇదే వృత్తికి దగ్గరగా ఉంది. పరీక్షాకేంద్రానికి వెళ్లి రాసే పాత పద్ధతిని కూడా బోర్డు కోరినవారికి అందుబాటులోనే ఉంచింది.