కౌతాళంలో మనాది, బళ్ళారిలో మందు

మనోవ్యాధికి మందు లేదని సామెత. సామెతలు ప్రజల అనుభవసారం కనుక వాటిని గౌరవిస్తాం. కాని అనుభవమనేది చారిత్రకమైనది. మందు ఏ కాలంలో లేకపోయింది, పుట్టిన తరువాత కూడా ఎవరికి అందకపోయింది అని విచారించకుండా ఆ సామెతను నిత్యసత్యంగా వల్లించడం అభ్యుదయవాదులకు తగిన పని కాదు. ఈ విచారణకు నేను కర్నూలు జిల్లా పడమటి కొసనున్న కౌతాళాన్ని తీసుకుంటున్నాను.

కారణం చెప్పవలసి వుంది. నేను ఆ ప్రాంతంలో ఉపాధ్యాయుణ్ణి. కొన్నేళ్ళ క్రితం మా బడిలో చదివే ఒక పిల్లవాడి తల్లి సుగ్గి నుంచి తిరిగి వచ్చింది. ఆ యేడే భర్త పోయాడు. ఆమెకు రాత్రి నిద్ర లేదు, పగలు ఏ పని మీదా మనసు లేదు. "మనాది పట్టింది సార్, దర్గాలో నాలుగు రాత్రులు పండుకోనొస్తా, పిల్లోన్ని చూసుకోండి" అన్నది. నేను మూఢనమ్మకాలను గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆమె సాంతం విని, "అయితే యాడికి పోవల్ల సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆనాటి బాకీ.

సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం. మా వైపు తెలుగులో అది వలసకు పేరైంది. వానాధారపు నల్లరేగడి మీద పత్తి దెబ్బతిన్న యేడు, కౌతాళం, కోసిగి ప్రాంతాల పల్లెలు తాళాలు వేసుకుని గుంటూరు మిరప చేలకు పోతాయి. మండలం ఉత్తరపు అంచున తుంగభద్ర పారుతూనే వుంటుంది. అక్కడ చేల గట్ల మీద గుడారాలు. కోసిన కాయకు తూకం లెక్కన కూలి. పిల్లలకు బడి లేదు. కోతల సంబరానికి చెందిన మాట ఇల్లు విడిచిపోవడానికి పేరైన చోట, నిద్ర పట్టకపోవడాన్ని ఒక మనిషి నరాల బలహీనతగా మాత్రమే చూడలేం.

ఇట్టి కష్టానికి ప్రజలు తమ ఉపాయం తాము చేసుకున్నారు. కౌతాళంలో ఖాదర్‌లింగ స్వామి దర్గా వుంది. పేరులోనే రెండు మతాలు కలిసిన ఆ చోటికి హిందువులూ ముస్లిములూ వస్తారు. అదే మండలంలోని ఉరుకుంద ఈరన్న క్షేత్రానికి శ్రావణమాసంలో కర్ణాటక నుంచి కూడా జనం తరలివస్తారు. ఇదంతా అజ్ఞానమని కొట్టివేయడం సులభం. కాని తమిళనాడులో ముత్తుస్వామి గుడికి తెచ్చిన మనోరోగులను బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ప్రకటించిన ఫలితం వేరుగా వుంది. మందులు లేకుండానే, కొన్ని వారాలు అక్కడ వుండిపోయిన వారి రోగలక్షణాలు సుమారు 20 శాతం తగ్గాయి. ఆదరణ, నిలకడైన దినచర్య, తోడు, పనిభారం నుంచి విరామం కూడా వైద్యమేనని దీని అర్థం. దేవుడి మహిమను ఒప్పుకోకుండానే ఈ యథార్థాన్ని ఒప్పుకోవచ్చు.

అయితే రెండో పక్కను మరువరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టివుంచిన ఇరవై అయిదు మందికి పైగా రోగులు కదలలేక కాలిపోయారు. ప్రభుత్వం ఖాళీగా వదిలిన చోటును ప్రజల విశ్వాసమే కాదు, వ్యాపారం కూడా ఆక్రమిస్తుంది.

ఆ ఖాళీ ఎట్లా ఏర్పడింది? వలస ప్రభుత్వానికి కనిపించిన మనోరోగి ఒక్కడే: శాంతిభద్రతలకు ముప్పు తెచ్చే పిచ్చివాడు. 1858, 1912 చట్టాలు వాణ్ణి బంధించే పద్ధతిని చెప్పాయి. నిద్రలేని కూలి మనిషి ఎవరికీ ముప్పు కాదు. కనుక ఆమె ఆ చట్టాల్లో లేదు. 1946లో భోర్ కమిటీ లెక్క చూసేసరికి నలభై కోట్ల జనానికి మానసిక చికిత్సాలయాల్లో పడకలు సుమారు పది వేలు.

ఇక్కడ మా ప్రాంతపు చరిత్రలోని ఒక మలుపు గమనించదగినది. ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో భాగంగా వుండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలిన బళ్ళారి మైసూరుకు పోయింది. మరుసటి యేడే బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలిసింది; 1974లో అది నిమ్హాన్స్ అయింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1985లో నిమ్హాన్స్ ఒక జిల్లాను ప్రయోగక్షేత్రంగా ఎంచుకుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ కార్యకర్తలకూ మానసిక వైద్యంలో శిక్షణ యిచ్చి, మందులు అందించింది. ఆ జిల్లా బళ్ళారి! దేశమంతా చెప్పుకునే "బళ్ళారి నమూనా" అదే. ఒకనాడు మా జిల్లాయే అయిన చోట, సరిహద్దుకు ఆవల, వైద్యం పల్లెకు నడిచి వచ్చింది.

భాషారాష్ట్రం తప్పని నేననడం లేదు. కష్టాన్ని సొంత భాషలో చెప్పుకునే హక్కు వైద్యానికే పునాది. అయితే ఆ హక్కుకు తగిన ఏర్పాటును మన పాలకవర్గాలు చేయలేదు. 1996లో జిల్లా కార్యక్రమం మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన తొలి జిల్లా మెదక్. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ సర్వే ప్రకారం కుంగుబాటుతో బాధపడేవారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదు.

మందు లేకనా? కాదు. నిద్రలేమికి ప్రవర్తన చికిత్సను 1972లోనే రిచర్డ్ బూట్జిన్ సూత్రీకరించాడు. నిద్ర వచ్చినప్పుడే పడుకోవాలి, రాకపోతే లేచిపోవాలి, ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు మేల్కోవాలి. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఈ తరహా చికిత్సనే ఇవ్వాలని 2016లో అమెరికా వైద్యుల కళాశాల నిర్ణయించింది. గోవాలో వైద్యులు కాని సామాన్యులకు శిక్షణ యిచ్చి, వారి చేత కుంగుబాటు రోగులతో మాట్లాడించి, మానుకున్న పనులను ఒక్కొక్కటిగా తిరిగి పట్టించిన ప్రయోగం మంచి ఫలితమిచ్చిందని 2017లో లాన్సెట్ ప్రకటించింది. ఇదేమీ ధనికుల విలాసం కాదు. ఒక ఆశా కార్యకర్త నేర్చుకోగల విద్య.

కాని ఒక వైరుధ్యం వుంది. ఈ వైద్యం రోగికి పడక, వేళ, తలుపు వున్నాయని అనుకుంటుంది. గుడారంలో పదిమంది పక్కన ఒరిగిన మనిషిని లేచి ఇంకో గదిలోకి పొమ్మనడం హాస్యాస్పదం. కనుకనే మన మిత్రులు కొందరు "సమాజం మారితే నిద్ర అదే వస్తుంది" అంటారు. నేను అంగీకరించను. క్షయ పేదరికం నుంచి పుట్టిందని తెలిసి కూడా క్షయరోగికి మందు ఆపమని ఎవరూ అనరు. 1886 మే 1న చికాగో కార్మికులు అడిగిన ఎనిమిది గంటల పనిదినం వెనుక ఎనిమిది గంటల విశ్రాంతి కూడా వుంది. నిద్ర మన ఉద్యమానికి మొదటి నుంచీ చెందిన కోరికే. దానిని మఠాలకూ మాత్రల కంపెనీలకూ వదిలివేసింది మనమే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం పొందడాన్ని హక్కుగా గుర్తించింది. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇవి చిన్నవి కావు, చాలవు కూడా. ఆరోగ్య కేంద్రంలో మాట వినే మనిషి వుండాలి. సుగ్గికి పోయిన చోట నీడ, పిల్లలకు బడి వుండాలి. అసలు పోకుండా వుండగల నీరు, పని ఇక్కడే వుండాలి. మూడింటినీ ఒకేసారి అడగాలి.

ఆ తల్లి దర్గాకు వెళ్ళింది. కొన్ని రాత్రులు నిద్రపోయానని వచ్చి చెప్పింది. పంట పోగానే మళ్ళీ సుగ్గికి పోయింది. ఈసారి నేను ఉపన్యాసం ఇవ్వలేదు, పిల్లవాణ్ణి చూసుకున్నాను. మనోవ్యాధికి మందు వున్నదని ఆమెతో చెప్పగలను ఇప్పుడు. యాడికి పోవల్లనో చెప్పడం మాత్రం నా ఒక్కడివల్ల అయ్యే పని కాదు.